వానచాటు భూములు: కొనుటకు ముందు విచారింపవలసిన నీటి సంగతులు

మన సంఘ పరిధిలోని గ్రామములలో భూముల బేరపు మాటలు తఱుచుగా వినవచ్చుచున్నవి. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు ముంపులో భూమి పోయినవారు కొందఱు, బొగ్గు గనులకు భూమి నిచ్చినవారు కొందఱు, అన్నదమ్ముల పంపకములో ఎకరమో రెండెకరములో మిగిలినవారు మఱికొందఱు, చేతనున్న సొమ్ముతో దూరప్రాంతమున భూమి కొనదలచుచున్నారు. ఇచ్చటి యొక ఎకరము వెలకు గద్వాల వైపునను, అనంతపురము వైపునను, కర్ణాటకములోని రాయచూరు, బళ్లారి వైపునను రెండు మూడెకరములు వచ్చునని మధ్యవర్తులు చెప్పుదురు. ఆ మాట నిజమే కావచ్చును. కాని భూమి వెలలో నీటి వెల కలిసియే యుండును. వెల తగ్గినచోట తగ్గినది మన్నా, నీరా యని విచారించుట కొనువాని పని. అమ్మువాడు ఆ మాట తనంతట చెప్పడు.

పైని చెప్పిన ప్రాంతములన్నియు వర్షచ్ఛాయలో నున్న సీమలు. వాడుక మాటలో వానచాటు సీమలనవచ్చును. అచ్చటి రైతులు తరతరములుగా ఆ నేల నెఱిగి సేద్యము చేయుచున్నారు. కావున అచ్చట బ్రదుకు లేదని యీ వ్యాసమున కర్థము కాదు. మంచిర్యాల వాన కలవాటుపడిన రైతు ఆ యలవాటునే వెంట తీసికొనిపోయినచో నష్టపడునని చెప్పుటయే దీని యుద్దేశము.

మొదట మన వాన సంగతి చూతము. మన జిల్లాలో సంవత్సరమునకు సగటున రమారమి 1,100 మిల్లీమీటర్లు, అనగా 43, 44 అంగుళముల వాన పడును. ఇందులో ఐదింట నాలుగు పాళ్లకు పైగా నైరృతి ఋతుపవన కాలములోనే, జూన్ మొదలు సెప్టెంబరు లోపల కురియును. జూలై, ఆగస్టు నెలలు ముఖ్యమైనవి. బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండములు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, విదర్భల మీదుగా పడమటికి సాగునపుడు వాని దక్షిణపు అంచు మన మీద పడును. పునర్వసు, పుష్యమి కార్తెలలో పట్టు ముసురు వచ్చుట కిదియే కారణము. మన భయము తఱుచుగా ఎక్కువ నీటి వలననే. 1958లో కడెము ఆనకట్ట తెగినది. 2022 జూలైలో అదే ప్రాజెక్టుకు 3 లక్షల క్యూసెక్కుల నీటిని విడువగల గేట్లుండగా దాదాపు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినది. ఆ దినములలోనే మంచిర్యాల పట్టణపు పల్లపు వీధులు నీట మునిగినవి. ఇట్టి చోట పెరిగిన రైతునకు "ఈ వారము రాకున్న వచ్చు వారమైన వచ్చును" అను ధైర్యము సహజముగా నుండును. ఆ ధైర్యము మన ఆకాశము మనకిచ్చినది. అది ప్రతిచోట చెల్లునది కాదు.

ఇక వానచాటు ఎట్లేర్పడునో చెప్పెదను. అరేబియా సముద్రము మీదుగా తేమను మోసికొని వచ్చు గాలికి సహ్యాద్రి, అనగా పడమటి కనుమలు, అడ్డముగా నున్నవి. గాలి కొండనెక్కవలసి వచ్చినపుడు పైకి పోయినకొలది చల్లబడును. చల్లబడిన గాలి తన తేమను పట్టి యుంచుకొనజాలక కొండకు పడమటి వైపుననే వానగా విడుచును. శిఖరము దాటి తూర్పునకు దిగునపుడు ఆ గాలియే మరల వేడెక్కును. వేడెక్కిన గాలి తేమను విడుచుటకు మాఱుగా, నేలనుండియు ఆకులనుండియు తేమను పీల్చుకొనును. మహారాష్ట్రములోని సాతారా జిల్లా దీనికి మంచి దృష్టాంతము. ఆ జిల్లా పడమటి కొసనున్న మహాబలేశ్వరమున సంవత్సరమునకు 5,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడును. అచ్చటికి తూర్పున పదునెనిమిది కిలోమీటర్ల దూరమున నున్న పంచగని చేరునప్పటికి అది సుమారు మూడవ వంతగును. అదే జిల్లా తూర్పు భాగమందలి మాణ్ తాలూకాలో 500 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. ఒక్క జిల్లాలోనే, ఒక్క పూట ప్రయాణములోనే, పదింట తొమ్మిది పాళ్ల వాన మాయమైనది.

గాలి మాత్రము మాయము కాదు. పూర్వపు అనంతపురము జిల్లాలోని రామగిరి కొండలమీద గాలిమరలు నాటుటకు కారణమీ గాలియే. జూన్, జూలై, ఆగస్టు నెలలలో అచ్చట గాలి హోరున వీచును. మబ్బులు పరుగిడుచుండును. మన వైపునుండి పోయినవాడు ఆ మబ్బును చూచి రేపో మాపో వాన యని విత్తనపు సంచి విప్పును. మబ్బు ఆగక తూర్పునకు సాగిపోవును.

మనకును వానచాటునకును పొత్తు లేదని యనుకొనరాదు. మన గోదావరి నాసిక దగ్గఱ త్ర్యంబకమున, పడమటి కనుమలలో పుట్టి, మరాఠ్వాడా మీదుగా వచ్చును. మరాఠ్వాడా వానచాటు సీమ. ఆ పైని పైఠణ్ కడ జాయక్‌వాడీ జలాశయము కలదు. ఇట మనకు సమృద్ధిగా వాన పడినను, పైని కొఱతయైన యేట శ్రీరామసాగరమునకు నీరు చాలినంత రాకుండుట ఆ కాలువల క్రింది రైతు లెఱిగినదే. ప్రాణహిత కథ వేఱు. దానికి విదర్భమునుండి, వైనగంగా వార్ధా నదుల నుండి నీరు వచ్చును. అది బంగాళాఖాతపు వాయుగుండముల వాన. కావున గోదావరి నీరసించిన యేటను కాళేశ్వరము కడ ప్రాణహిత నిండుగా పాఱుట చూచుచున్నాము. ఒకే జిల్లా సరిహద్దులను రెండు వేఱు వేఱు ఆకాశముల నీరు తాకుచున్నది. వానచాటునకు పోవు రైతు ఈ యొక్క విషయమును మనసున నుంచుకొన్నచో తక్కినది సులభముగా బోధపడును.

అనంతపురపు సగటు వర్షపాతము రమారమి 550 మిల్లీమీటర్లు. మన దానిలో సగము. "సగము వానకు సగము పంట" యని లెక్క వేయువారు కలరు. ఆ లెక్క తప్పు. సగటు సంఖ్య రెండు సంగతులను దాచును. మొదటిది, ఆ వాన యే నెలలో పడునది. అనంతపురమునకు సెప్టెంబరు, అక్టోబరు నెలలే ఎక్కువ వాన నెలలు. మన వైపున ఉత్తర, హస్త కార్తెలు వచ్చుసరికి వాన వెనుకకు తగ్గును. అచ్చట నాడే అసలు వాన. నైరృతి ఋతుపవనము కొండ చాటువలన సన్నగిల్లి చేరును, ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున చాల భాగము కురిసి మిగిలినదానితో చేరును. రెండింటి తోక కొసలు కలిసినది ఆ సీమ వాన. అందువలననే అచ్చటివారు ముంగారు, హింగారు అని రెండు కార్లను వేఱుగా లెక్కింతురు. మన పునాస, యాసంగి మాటలను వానికి సరిగా అతుకరాదు. హింగారు పంటకు కాలువ యుండదు, భూమిలో నిలిచిన తేమయే దాని కాధారము.

మృగశిర కురిసిన ముసలి యెద్దు రంకె వేయునని మన సామెత. వానచాటున మృగశిరలో ఒకటి రెండు జల్లులు పడుట కలదు. దానిని నమ్మి విత్తినచో మొలక వచ్చును. పిదప పుష్యమి, ఆశ్లేష కార్తెలలో మూడు నాలుగు వారములు ఎండు గాలి వీచును. వేరుసెనగ పూత, ఊడల కాలమున ఆ ఎండ తగిలినచో చెట్టు పచ్చగానే యుండి కాయ యుండదు. ఇది అనంతపురపు రైతులు పెక్కు మాఱు లనుభవించినది.

సగటు దాచు రెండవ సంగతి, ఏటికేటికి గల భేదము. వాన తక్కువ పడు సీమలో ఆ తక్కువ వానయు నిలుకడగా పడదు. ఒక యేడు 800, మఱుసటి యేడు 350 పడినను సగటు 575 వచ్చును. కాని రెండవ యేడు ఇంటికి గింజ రాదు. కావున సగటు నడుగుట చాలదు. గడచిన ముప్పది యేండ్లలో 400 మిల్లీమీటర్లకు లోపడిన యేండ్లు ఎన్ని, అవి వెంటవెంట వచ్చినవా, విడివిడిగా వచ్చినవా యని అడుగవలెను. రెండు కఱవు లేండ్లు వరుసగా వచ్చినచో ఋణము తీర్చుట కష్టము; ఒకటి వచ్చి పోయినచో తట్టుకొనవచ్చును. ఈ లెక్క మండలమునకొకటి చొప్పున దొరకును. మన రాష్ట్రమున ప్రణాళికా శాఖవారి వర్షమాపక యంత్రములు మండలములలో కలవు. కర్ణాటకములో గ్రామ పంచాయతీల స్థాయిలోనే వర్షమాపకములు పెట్టియున్నారు. జిల్లా సగటు మనకు పనికి రాదు. మనము కొనునది జిల్లాను కాదు గదా. 2002 జూలైలో దేశమంతట వాన దాదాపు సగమునకు పడిపోయెను. 2009, 2015, 2023 సంవత్సరములును ఎల్‌నినో వలన చెడ్డవి. ఆ యేండ్లలో ఆ యూర ఏ పంట యింటికి వచ్చినదని అడిగినచో, కాగితము మీది లెక్కకు మించిన సమాచారము దొరకును.

వాన తరువాత నేల. ఈ విషయమును మనవారు తేలికగా చూతురు గాని, నా యభిప్రాయమున పొలమును నిర్ణయింపవలసిన దిదియే. పైరు వాన కురిసిన దినముననే నీరు త్రాగదు. నేల దాచినదానిని ప్రతిదినము కొంచెము కొంచెముగా త్రాగును. ఎండు గాలి వీచు చోట పెరుగుచున్న పైరు దినమునకు 5 మిల్లీమీటర్ల నీరు త్రాగునని లెక్క వేయుదము. ఒక అడుగు లోతున రాయి తగులు ఎఱ్ఱ గరుసు నేల పైరునకు పనికివచ్చు తేమను 30 మిల్లీమీటర్ల కంటె ఎక్కువగా దాచలేదు. అనగా ఆఱు దినములు. మూడడుగులకు పైగా లోతు గల నల్లరేగడి 180 మిల్లీమీటర్ల వఱకు దాచును. ముప్పది యాఱు దినములు. మన చెన్నూరు, ఆసిఫాబాదు ప్రాంతముల రేగడిలో పత్తి వేసిన రైతు మూడు వారములు వాన రాకున్నను నిద్రపోవును. ఆ నిద్ర రేగడి యిచ్చినది. అనంతపురపు ఎఱ్ఱ చెలకలో రెండవ వారమునకే ఆకు వాడును. కాబట్టి పొలము చూడబోవునపుడు చేతిలో గడ్డపార యుండవలెను. మూడు నాలుగు చోట్ల త్రవ్వి, రాయి యెన్ని అడుగులకు తగిలినదో కొలువవలెను. గట్టు ప్రక్క త్రవ్వరాదు, అచ్చట మన్ను పేరుకొని లోతుగా కనబడును.

రాయచూరు, బళ్లారి, కర్నూలు ప్రాంతములలో లోతైన రేగడులు కలవు. అచ్చటివారు తొలకరిలో నేలను ఖాళీగా నుంచి, గుంటక తోలి, వాననంతయు నేలలోనికి దింపి, హస్త చిత్త కార్తెలలో జొన్న, సెనగ విత్తుట పూర్వాచారము. వాన పోయిన తరువాత పంట మొదలు. మన కన్నులకు అది సోమరితనముగా తోచును. నిజమునకు అది నేలనే చెఱువుగా వాడుకొనుట. పందొమ్మిదవ శతాబ్దిలో మద్రాసు నీటిపాఱుదల కంపెనీ యను ఆంగ్ల కంపెనీ తుంగభద్రమీద సుంకేసుల కడ ఆనకట్ట కట్టి కర్నూలు-కడప కాలువ త్రవ్వినది. కాలువ వచ్చినచో రైతులు నీటికై ఎగబడుదురని వారి యాశ. రేగడి రైతులు మంచి యేండ్లలో ఆ నీటి నడుగలేదు. కఱవు వచ్చినపుడు మాత్రమే అడిగిరి. కంపెనీ నష్టపడి, 1882లో కాలువను ప్రభుత్వమునకు అమ్ముకొన్నది. నేలను చదువని పెట్టుబడి యేమగునో చెప్పుట కిది మంచి యుదాహరణము.

కాలువ నీటిని నమ్మి వానచాటునకు పోయిన తెలుగు రైతుల కథ మఱియొకటి కలదు. ఇది మనవారు తప్పక తెలిసికొనవలెను. నాటి హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములు కలిసి హొసపేట దగ్గఱ తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన చేసినవి. 1953 నాటికి నీరు విడిచిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు పెక్కుమంది గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతములకు పోయి, భూములు కొని, కౌలుకు తీసికొని స్థిరపడిరి. వారి యూళ్లను నేటికిని క్యాంపు లందురు. ఆ సీమలో వాన 500, 650 మిల్లీమీటర్ల నడుమ. కాని తుంగ, భద్ర నదులు పడమటి కనుమలలో పుట్టినవి. కొండకు తడి వైపున పడిన వానను పొడి వైపునకు తెచ్చుచున్నవి. కావున సింధనూరు రైతు తన యాకాశమును చూచుట మాని శివమొగ్గ, చిక్కమగళూరు ఆకాశమును చూడ నేర్చినాడు. క్యాంపుల రైతులు కష్టపడి వరి పండించి బాగుపడిరి. అది నిజము.

తక్కిన సగమును చెప్పవలెను. ఆ కాలువలను విస్తారముగా వరికని త్రవ్వలేదు. ఎక్కువ ఎకరములకు తక్కువ నీరిచ్చి జొన్న, పత్తి, వేరుసెనగ వంటి ఆరుతడి పంటలను కఱవునుండి కాపాడుటకు ఏర్పఱచిరి. మొదటి భాగమువారు రెండు కార్లు వరి వేయగా, చివరి భాగమువారికి, మాన్వి, రాయచూరు వైపున, నీరు చేరుట కష్టమైనది. పైనున్న నల్లనేలలలో నీరు ఎక్కువై కొన్ని చోట్ల చౌడు తేలినది. మన రాష్ట్రములోని గద్వాల, ఆలంపురముల 87,500 ఎకరముల కొఱకు ఏర్పడిన రాజోలిబండ కాలువ ఈ వ్యవస్థకు చిట్టచివరిది. దాని చివరి పొలములకు నీరు చాలక తుమ్మిళ్ల యెత్తిపోతలను వేఱుగా కట్టవలసి వచ్చినది. జలాశయము కూడ మొదటి జలాశయము కాదు. కట్టిననాడు దాదాపు 133 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టెడిది. పూడిక వలన ఇపుడు రమారమి 105 పట్టును. 2023లో నిండక రెండవ పంటకు నీరు లేకపోయినది. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినది. నిండిన జలాశయమునుండి నీరు పోవుచుండగా వారము దినములలో తాత్కాలికపు తలుపు దింపి నిలిపిరి. తరువాతి వానలు మరల నింపినవి గనుక ఆ యేటి పంట దక్కినది.

కాలువ క్రింద భూమి చూపు మధ్యవర్తిని "నీరు వచ్చునా" యని అడుగుట వ్యర్థము. ఈ పొలము ఏ తూము క్రింద నున్నది, తూమునుండి ఎంత దూరము, రికార్డులో ఏ పంటకు నీరు కేటాయించినారు, కడచిన పదేండ్లలో రెండవ కారునకు ఎన్ని యేండ్లు నీరు వచ్చినది, ఆఖరి తడి ఏ తేదిని అందినది, అని అడుగవలెను. అడుగవలసినది మధ్యవర్తిని కాదు, ఆ తూము క్రింద చివరి పొలము రైతును. అతనికి అబద్ధమాడ నవసరము లేదు. అట్లే కాగితము మీద గీతగా నున్న కాలువకు వెల యీయరాదు. హంద్రీ-నీవా కాలువ ద్వారా 2012 నుండి కృష్ణా జలములు అనంతపురము వైపునకు ఎత్తి పంపుచున్నారు. దానివలన కొన్ని చెఱువులు నిండుట మంచిదే. అయినను పెద్ద కాలువ ప్రక్కన నున్నంత మాత్రమున పొలమునకు పిల్ల కాలువ యున్నట్లు కాదు.

కాలువ లేనిచోట బావి. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెఱువు శాసనము కలదు. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, ఉండరాని ఆఱు దోషములను అందు చెక్కించిరి. నీరు తక్కువగా నుండి పాఱవలసిన భూమి ఎక్కువగుట యొక దోషమని అందు కలదు. ఆఱు నూఱ్ల యేండ్ల క్రిందట రాతిమీద వ్రాసిన మాట నేటి బోరుబావికి సరిగా అతుకును.

లెక్క చూడుడు. ఒక ఎకరముమీద ఒక మిల్లీమీటరు వాన పడిన 4 వేల లీటర్ల నీరగును. గద్వాల, అనంతపురముల క్రింద నున్నది ఎక్కువగా గట్టి నల్లరాయి. మన గోదావరి లోయలోని ఇసుకరాతి పొరలవలె అది నీటిని త్రాగి దాచునది కాదు. పడిన వానలో నూటికి పది పాళ్లు లోనికి దిగుట అట్టి నేలలో ఎక్కువ క్రిందనే లెక్క. 550లో పదవ వంతు 55 మిల్లీమీటర్లు. ఎకరమునకు రమారమి 2 లక్షల 20 వేల లీటర్లు. యాసంగి వరికి ఎకరమునకు 1,200 మిల్లీమీటర్లు, అనగా 48 లక్షల లీటర్లు కావలెను. ఒక ఎకరము వరి పండించుటకు ఇరువది రెండెకరముల భూమిలో ఇంకిన వాన ఖర్చగును. మీకున్నది నాలుగెకరములైనచో తక్కిన పదునెనిమిది యెకరముల నీరు ఎవరిది? ప్రక్కవానిది. అతడును బోరు వేయును. మీ కంటె ఏబది అడుగులు లోతుగా వేయును. అట్లు పందెము మొదలగును. అనంతపురము జిల్లాలో ఒక్కొక్క రైతు నాలుగైదు బోర్లు వేసి, నీరు పడక, భూమి తాకట్టున కోల్పోయిన కుటుంబములు కలవు. ఆ సీమ ఋణభారమునకు విత్తనము, ఎఱువుల కంటె బోరు గొట్టము పెద్ద కారణమని నా నమ్మకము.

అదే నీటితో వేఱు పంట వేసినచో లెక్క మాఱును. కొఱ్ఱ, సెనగ, కంది వంటి పైరునకు పూతవేళ, గింజవేళ 50 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడు లిచ్చినచో 100 మిల్లీమీటర్లు చాలును. దానికి రెండెకరముల ఇంకుడు సరిపోవును. పొలములో కుంట త్రవ్వుట ఇంకను మేలు. ఒక్క గట్టి వానలో 10 మిల్లీమీటర్ల నీరు పొలము దాటి పాఱినచో, ఐదెకరములనుండి 2 లక్షల లీటర్లు వచ్చును. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గల కుంట దానిని పట్టును. ఆవిరి కాకముందే వాడినచో ఎకరమునకు ఒక తడి. ఆ యొక్క తడి వచ్చుటకును రాకపోవుటకును మధ్య నున్నది సంవత్సరపు గింజ.

ఈ నీటి జమాఖర్చు చదువుకొన్నవారికే సాధ్యమని తలపవలదు. 2000వ దశకములో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురము, మహబూబునగరము మొదలగు ఏడు కఱవు జిల్లాలలో రైతులే వర్షమాపకములు పెట్టి, బావుల నీటిమట్టమును నెలనెల కొలిచి, గోడలమీద వ్రాసి, యాసంగికి ముందు ఊరంతయు కూర్చుండి ఏ పంట ఎంత వేయవలెనో చర్చించిరి. ఎవరిని ఎవరును శాసింపలేదు. అంకె కనబడిన తరువాత చాలమంది తమంతట తామే వరి తగ్గించిరి. మీరు భూమి కొనదలచిన యూర అట్టి లెక్క వ్రాయు అలవాటున్నచో అది మంచి గుర్తు.

బోరున్న భూమిని కొనువారు దానిని కార్తికములో చూచి మోసపోవుచున్నారు. అపుడు ప్రతి బోరును రెండించుల నీరు పోయును. చైత్ర వైశాఖములలో, మోటారును ఎడతెగక నాలుగు గంటలు నడిపి, చివరి గంటలో పాత్ర పెట్టి కొలువవలెను. క్రొత్తగా వేయదలచినచో, తెలుగు రాష్ట్రములలో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి కావలెను. ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల వేయరాదు. ఇరుగుపొరుగున ఎండిన బోర్లెన్ని, అవి ఎన్ని అడుగులని అడుగుట మఱువరాదు. ఎండిన బోరు నెవరును చూపరు. తుమ్మపొదలో దానిపై రాయి పెట్టి యుందురు.

త్రాగునీరు వేఱు సంగతి. లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడు ఉండవచ్చును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, ఎముకలు వంగును. నల్లగొండ పేరు దీనివలననే దేశమంత తెలిసినది. అనంతపురము జిల్లాలో 1995-97 మధ్య సత్యసాయి త్రాగునీటి పథకము ఏడు వందల పైచిలుకు గ్రామములకు నీటి నందించుటకు పూర్వము పెక్కు పల్లెలు ఇట్టి నీటినే త్రాగినవి. నీటిని రుచి చూచి చెప్పుటకు వీలు లేదు. సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపవలెను. పిల్లలున్నవారు దీనిని విడువరాదు. పశువుల సంగతియు నిట్లే. పాడి గేదెకు వేసవిలో దినమునకు 60 లీటర్లకు పైగా నీరు కావలెను. మన వరి గడ్డి అచ్చట దొరకదు, జొన్న చొప్ప వెల కఱవు వచ్చినపుడు మండును. నాలుగు గేదెలను తోలుకొనిపోవు కంటె రెంటిని అమ్ముకొని పోవుట మేలు.

పోదలచిన సభ్యులకు సంఘము తరఫున రెండు మాటలు. సంఘ సభ్యత్వము ఈ పరిధిలోని నివాసమును, భూమిని బట్టి యుండును. ఇచ్చటి భూమి అమ్ముటకు ముందు బాకీ తీర్చి పత్రము తీసికొనవలెను, లేనిచో క్రొత్త చోట సంఘము ఋణమీయుటకు ఆటంకమగును. రెండవది, కొనుటకు ముందు ఒక యేడు కౌలుకు చేసి చూడుడు. కౌలు సొమ్ము పోయినను భూమి సొమ్ము నిలుచును. కుదరని పక్షమున ఆ యూరికి రెండు మాఱులైన పోయి రండు: ఒకమాఱు ఎండలు ముదిరిన వైశాఖములో, ఒకమాఱు గాలి వీచు శ్రావణములో. దసరా నాటి పచ్చదనము చూచి బయానా ఈయవలదు.

వెళ్లి వచ్చినవారు పొలము త్రవ్విన లోతు, నాలుగు గంటలు నడిచిన బోరు చివరి గంట నీటి కొలత, చివరి తూము రైతు చెప్పిన పదేండ్ల లెక్క, మండలపు ముప్పది యేండ్ల వాన, త్రాగునీటి పరీక్ష ఫలితము, ఒక కాగితమున వ్రాసి సంఘ కార్యాలయమున కార్యదర్శి కీయగలరు. ముందు పోయినవారి కాగితము వెనుక పోవువారు చూచుకొనుటకై వానిని ఒక పుస్తకముగా కట్టి యుంచెదము.